నిద్రపోయే చిప్పులు: రెండు సెల్లుల మీద ఏళ్లకేళ్లు నడవడం వెనక లెక్క

టీవీ రిమోట్‌కి ఆన్-ఆఫ్ స్విచ్ ఉండదు, ఎప్పుడైనా గమనించారా? టార్చిలైటుకు ఉంటుంది, పిల్లల బొమ్మ కారుకు ఉంటుంది, రిమోట్‌కి మాత్రం ఉండదు. సెల్లులు వేసిన క్షణం నుంచి అది ఆన్‌లోనే ఉంటుంది. మనం పడుకున్నా, ఊరెళ్లి పది రోజులకు తిరిగొచ్చినా లోపలి చిప్పుకు కరెంటు అందుతూనే ఉంటుంది. అయినా ఆ రెండు సన్న సెల్లులు ఏడాది వస్తాయి, ఒక్కోసారి రెండేళ్లూ వస్తాయి.

అదే ఒక ఇంజనీరింగ్ కుర్రాడు ఫైనలియర్ ప్రాజెక్టు కోసం ఆర్డుయినో యునో అనే, ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవాళ్లు వాడే బోర్డుకు నీళ్ల ట్యాంకు సెన్సరు తగిలించి, 9 వోల్టుల పలక బ్యాటరీతో నడిపితే? రాత్రి పెట్టింది తెల్లారేసరికి చల్లబడుతుంది. లెక్క చూడండి. ఆ బోర్డు సుమారు 45 మిల్లీఆంపులు లాగుతుంది. ఆ బ్యాటరీలో ఉండేది సుమారు 500 ఎంఏహెచ్ (మిల్లీఆంపు-గంటలు). భాగిస్తే పదకొండు గంటలు.

రెండింటిలో ఉన్నదీ మైక్రోకంట్రోలరే. ఆ బోర్డు మీదున్న ఏటీమెగా328పీ చిప్పు పొదుపులో రిమోట్ చిప్పుకు ఏమాత్రం తీసిపోదు కూడా. మరి తేడా ఎక్కడొచ్చింది? ఇప్పుడు తలుపు సెన్సరు, తాళంచెవుల ట్యాగు, పొలంలో తేమ కొలిచే కడ్డీ, ఏ డబ్బా చూసినా మీద ‘అల్ట్రా లో పవర్’ అని, ‘పదేళ్ల బ్యాటరీ’ అని రాసి ఉంటుంది. ఆ మాటల వెనక లెక్కేమిటో విప్పి చూద్దాం. లెక్కంటే భయం వద్దు, కూడికలూ భాగహారాలే.

ఒంటిగది ఇల్లు లాంటి చిప్పు

ఫోన్లో, లాప్‌టాప్‌లో ఉండేది ప్రాసెసర్. దానికి మెమరీ వేరే, స్టోరేజీ వేరే, బయటి పరికరాలతో మాట్లాడే చిప్పులు వేరే. మైక్రోకంట్రోలర్‌లో ఇవన్నీ ఒకే చిప్పులో సర్దేసి ఉంటాయి. లెక్కలు చేసే కోర్, ప్రోగ్రాం దాచుకునే ఫ్లాష్, పని చేస్తున్నప్పుడు వాడుకునే ర్యామ్, టైమర్లు, వోల్టేజిని అంకెగా మార్చే ఏడీసీ, బయటికి పెట్టిన కాళ్లు. ఒంటిగది ఇల్లన్న మాట. వంటా, పడకా, పూజా అన్నీ అందులోనే.

దాని పని కూడా చిన్నదే. ఇంత వేడెక్కితే ఆపు, ఇంత నీరు నిండితే మోటారు కట్టెయ్యి, బటన్ నొక్కితే ఈ కోడ్ పంపు. ఇలాంటి పనులకు ఎంత చిన్న చిప్పు సరిపోతుందో చూడాలంటే ఏటీటైనీ85 మంచి ఉదాహరణ. ఎనిమిది కాళ్లు, ప్రోగ్రాంకి 8 కిలోబైట్లు, ర్యామ్ 512 బైట్లు. గిగాబైట్లు కాదు, మెగాబైట్లు కాదు, బైట్లే. కంప్యూటర్లు సాధారణంగా తెలుగును దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. ‘క్ష’ రాయాలంటే క, పొల్లు, ష అని మూడు గుర్తులు, అంటే 9 బైట్లు. ఆ లెక్కన 512 బైట్లలో పట్టేది 170 గుర్తులు. ఈ పేరాలో మొదటి నాలుగు వాక్యాలు కూడా అందులో పట్టవు. ఒక తలుపు తాళాన్నో, చిన్న హీటర్నో నడపడానికి మాత్రం ఆ చోటు ధారాళంగా సరిపోతుంది.

ఈ జాతి కొత్తదేమీ కాదు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎంఎస్1000 మార్కెట్లోకి వచ్చింది 1974లో. మన కాలేజీల్లో ఈసీఈ చదివినవాళ్లకు ల్యాబ్‌లో పరిచయమయ్యే 8051ను ఇంటెల్ తెచ్చింది 1980లో. అప్పట్లో చిప్పు పని చేయడమే గొప్ప. ఎంత తక్కువ తింటుందన్న పోటీ తర్వాత మొదలైంది.

ఎంఏహెచ్, మిల్లీఆంపు, మైక్రోఆంపు

ఫోన్ల ప్రకటనల పుణ్యమా అని ఎంఏహెచ్ అన్నది ఇప్పుడు అందరి నోటా ఉన్న మాటే. 5000 ఎంఏహెచ్ అంటే ఫోన్ బ్యాటరీ. దాన్ని బిందెలో నీళ్లనుకోండి. మిల్లీఆంపు అంటే కుళాయి ఎంత తిప్పామన్నది. 100 ఎంఏహెచ్ బిందెకు 1 మిల్లీఆంపు కుళాయి పెడితే 100 గంటలు వస్తుంది. మిల్లీఆంపులో వెయ్యో వంతు మైక్రోఆంపు, అందులో వెయ్యో వంతు నానోఆంపు.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది ఫోన్ బ్యాటరీ కాదు, సీఆర్2032 బటన్ సెల్. కారు తాళంచెవిలో, కంప్యూటర్ మదర్‌బోర్డులో ఉండే బిళ్ల. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. ఆ పేరులోని 20, 32 అవే. అందులో ఉండేది సుమారు 220 ఎంఏహెచ్.

దాని మీద ఎప్పుడూ 1 మిల్లీఆంపు లాగే చిప్పు పెడితే 220 గంటలు, అంటే తొమ్మిది రోజులు. 10 మైక్రోఆంపులే లాగితే 22,000 గంటలు, రెండున్నరేళ్లు. 1 మైక్రోఆంపుకు దించితే కాగితం మీద పాతికేళ్లు. నిజంగా పాతికేళ్లు రాదు, సెల్ తనంతట తాను కూడా కొంచెం కొంచెం తరిగిపోతుంది. అయినా అసలు సంగతి బయటపడింది. సగటు కరెంటు మిల్లీఆంపుల్లో ఉంటే ఆయుష్షు రోజుల్లో, మైక్రోఆంపుల్లో ఉంటే ఏళ్లలో. రిమోట్ చిప్పు నిద్రలో 1 మైక్రోఆంపు తింటుందనుకున్నా ఏడాదికి 8,760 గంటలకు అయ్యే ఖర్చు 9 ఎంఏహెచ్ కూడా కాదు. వెయ్యి ఎంఏహెచ్ ఉండే సన్న సెల్‌కు అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

చెంబులు నింపి ఒలకబోయడం

చిప్పు లోపల కరెంటు రెండు దారుల్లో పోతుంది. మొదటిది పని చేసినందుకు. చిప్పులోని ప్రతి స్విచ్చీ ఒక బుల్లి చెంబు అనుకోండి. 1 కావాలంటే చెంబు నింపాలి, 0 కావాలంటే ఒలకబోయాలి. చిప్పు పనికి తాళం వేసే క్లాక్ 1 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు పది లక్షల సార్లు ఈ తంతు జరగవచ్చు. ఒక్కోసారికి పోయే శక్తి వోల్టేజి వర్గాన్ని, అంటే వోల్టేజిని వోల్టేజితోనే గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. 3.3 వోల్టుల నుంచి 1.8కి దించితే వోల్టేజి సగానికి కొంచెం పైన ఉంటుంది, శక్తి ఖర్చు మాత్రం మూడో వంతుకు లోపే పడుతుంది. తక్కువ వోల్టేజీ చిప్పుల కోసం ఇంత పాకులాట అందుకే. మామూలు రెగ్యులేటర్‌తో వోల్టేజి దించితే ఇందులో కొంత లాభం పోతుంది, ఎందుకంటే తేడాగా ఉన్న వోల్టేజిని అది వేడిగా తగలేస్తుంది.

రెండోది కారడం. స్విచ్ కట్టేసినా అందులోంచి ఎంతో కొంత కరెంటు కారుతూనే ఉంటుంది, వాషర్ అరిగిన కుళాయిలా. చిప్పు ఏ పనీ చేయకపోయినా ఈ ఖర్చు తప్పదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. క్లాక్ తగ్గిస్తే బ్యాటరీ ఎక్కువ రోజులు వస్తుందనుకుంటారు. ఒక పనికి పది లక్షల అంగలు పడతాయనుకుందాం. 1 మెగాహెర్ట్జ్ మీద 0.3 మిల్లీఆంపుతో ఒక సెకను పడుతుంది. 8 మెగాహెర్ట్జ్ మీద 2.4 మిల్లీఆంపులతో సెకనులో ఎనిమిదో వంతులో అయిపోతుంది. గుణిస్తే రెండూ ఒకటే. అయితే చిప్పు మెలకువగా ఉన్నంతసేపూ సెన్సరూ, ఇతర భాగాలూ కలిసి ఇంకో 1 మిల్లీఆంపు తింటున్నాయనుకోండి. నెమ్మదిగా చేస్తే ఆ ఖర్చు సెకనంతా పడుతుంది, గబగబా చేస్తే ఎనిమిదో వంతే. అందుకే ఈ రంగంలో ఎక్కువమంది పద్ధతి ఒకటే. గబుక్కున లేచి, పని ముగించి, మళ్లీ ముసుగు తన్నడం. దీనికి ఎదురు వాదన కూడా ఉంది. వేగంగా నడిపితే ఆ క్షణంలో లాగే కరెంటు పెరుగుతుంది, బటన్ సెల్ లాంటి బలహీనమైన సెల్ ఆ కుదుపుకు తట్టుకోదు. అలాంటి చోట నెమ్మదే నయం.

కోడికునుకు, కుంభకర్ణ నిద్ర

నిద్రల్లో రకాలున్నట్టే చిప్పు నిద్రల్లోనూ రకాలున్నాయి. ఒకటి కోడికునుకు. కోర్ ఆగుతుంది గానీ క్లాక్, టైమర్లు తిరుగుతూనే ఉంటాయి. పిలిస్తే వెంటనే లేస్తుంది, ఖర్చు మాత్రం పెద్దగా తగ్గదు. ఇంకోటి కుంభకర్ణ నిద్ర. క్లాకుతో సహా దాదాపు అన్నీ ఆగిపోతాయి. ఏటీటైనీ85 డేటాషీట్ (చిప్పు గురించి కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) మొదటి పేజీలో ఈ నిద్రకు రాసిన అంకె 0.1 మైక్రోఆంపు. అదే పేజీలో 1 మెగాహెర్ట్జ్ మీద పని చేస్తున్నప్పటి అంకె 300 మైక్రోఆంపులు. రెండింటికీ మూడు వేల రెట్లు తేడా.

మరి లేపేదెవరు? రిమోట్‌లోనైతే మన వేలే. బటన్ నొక్కగానే చిప్పు కాలి మీద వోల్టేజి మారుతుంది, ఆ మార్పే తట్టిలేపుతుంది. వేళకు లేవాల్సిన పరికరాల్లో చిన్న టైమర్ ఒకటి మేలుకొని ఉంటుంది. ఆ టైమర్లకు తరచుగా వాడే క్రిస్టల్ సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అంత విడ్డూరమైన అంకె ఎందుకంటే, 2ను పదిహేను సార్లు గుణిస్తే వచ్చేది అదే. పదిహేను సార్లు సగం చేస్తే సరిగ్గా ఒక సెకను దొరుకుతుంది. చేతి గడియారంలో ఉండేదీ ఇదే క్రిస్టల్.

లేవడానికి పట్టే సమయం కూడా ఖర్చే. టెక్సస్ వారి ఎంఎస్‌పీ430 చిప్పులకు పేరొచ్చింది ఇందుకే. ఎంఎస్‌పీ430జీ2553 అనే చిప్పు గడియారం నడుస్తుండగా నిద్రలో 0.5 మైక్రోఆంపు తిని, ఒక మైక్రోసెకనులోపే లేచి కూర్చుంటుంది. కొన్ని చిప్పులు క్లాక్ స్థిరపడేవరకు మిల్లీసెకన్ల కొద్దీ ఒళ్లు విరుచుకుంటాయి.

ఆర్డుయినోలో కొత్తగా ప్రోగ్రాం రాసేవాళ్లు పది నిమిషాలు ఆగాలంటే ‘డిలే’ అని రాస్తారు. అది నిద్ర కాదు. కళ్లు తెరుచుకుని గోడ గడియారాన్ని చూస్తూ కూర్చోవడం. ఆ పది నిమిషాలూ కోర్ ఊరికే తిరుగుతూ పూర్తి ఖర్చు పెడుతూనే ఉంటుంది.

మిరప చేలో ఒక కడ్డీ: లెక్క మొత్తం

ఒక ఉదాహరణ పూర్తిగా వేసి చూద్దాం. మిరప చేలో నేల తేమ కొలిచే కడ్డీ. పావుగంటకోసారి కొలిచి, లోరా అనే దూరపు రేడియోతో ఇంటి దగ్గరున్న పెట్టెకు పంపుతుంది. మన దేశంలో లోరా 865 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో, లైసెన్సు అక్కర్లేని బ్యాండులో నడుస్తుంది. అంకెలు సులువుగా ఉండేలా తీసుకుంటున్నాను. చిప్పు, రేడియో అన్నీ కలిపి నిద్రలో 2 మైక్రోఆంపులు. కొలిచేటప్పుడు 5 మిల్లీఆంపులు, సెకనులో పదో వంతు సేపు. పంపేటప్పుడు 40 మిల్లీఆంపులు, అదీ పదో వంతు సేపే.

కొలవడానికి అయింది 0.5 మిల్లీఆంపు-సెకను. పంపడానికి 4. మొత్తం 4.5. దీన్ని పావుగంటకు, అంటే 900 సెకన్లకు పంచితే సగటున 5 మైక్రోఆంపులు. నిద్ర ఖర్చు 2 కలిపితే 7 మైక్రోఆంపులు. పెద్ద సెల్లులు, అంటే గోడ గడియారంలో వేసే డబుల్ ఏ ఆల్కలైన్ సెల్లుల్లో 2,000 ఎంఏహెచ్ ఉందనుకుంటే కాగితం మీద ముప్పై రెండేళ్ల పైమాటే! సెల్ అన్నేళ్లు బతకదు గనక పరికరం కంటే ముందు సెల్లే ముసలిదైపోతుంది.

ఇదే పరికరాన్ని బజారులో దొరికే మామూలు బోర్డు మీద కట్టారనుకోండి. వోల్టేజిని నిలకడగా ఉంచడానికి దాని మీద ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఉంటుంది. ఎక్కువ బోర్డుల మీద కనిపించేది ఇదే, చవక. అది ఏ పనీ చేయకుండా ఉండడానికే సుమారు 5 మిల్లీఆంపులు తింటుంది. పక్కనే ‘నేను ఆన్‌లో ఉన్నాను’ అని చెప్పే ఎర్ర ఎల్ఈడీ ఇంకో 2 మిల్లీఆంపులు. ఈ రెగ్యులేటర్ పనిచేయాలంటే నాలుగు సెల్లులు వరసగా పెట్టాలి. వరసలో పెడితే వోల్టేజి పెరుగుతుందే గానీ ఎంఏహెచ్ పెరగదు. ఇప్పుడు సగటు 7 మైక్రోఆంపులు కాస్తా 7 మిల్లీఆంపులయింది. ముప్పై రెండేళ్లు పన్నెండు రోజులైంది.

చిప్పు మారలేదు, ప్రోగ్రాం మారలేదు. కాపలావాడి జీతం ఇంటి ఖర్చుకు వెయ్యింతలైంది, అంతే. మొదట్లో చెప్పుకున్న ట్యాంకు ప్రాజెక్టు కథ కూడా చాలావరకు ఇదే. యునో బోర్డు మీద యూఎస్‌బీతో మాట్లాడడానికి ఇంకో చిప్పు, రెగ్యులేటర్, ఎల్ఈడీ ఉంటాయి. పెద్ద చిప్పును నిద్రపుచ్చినా ఇవి మేలుకొనే ఉంటాయి. ఆ బోర్డు నేర్చుకోవడానికి చేసింది, టేబుల్ మీద యూఎస్‌బీ తీగతో నడవడానికి చేసింది. దాన్ని తప్పుబట్టి లాభం లేదు.

ఇంకా చిన్న దొంగలు కొందరుంటారు. నీళ్ల ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ పెట్టి, దానికి అలవాటు కొద్దీ 10 కిలో ఓముల పుల్-అప్ రెసిస్టర్ (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు చిప్పు కాలిని సెల్ వోల్టేజి దగ్గర నిలిపేది) తగిలిస్తాం. ట్యాంకు నిండి స్విచ్ మూసుకున్నంతసేపూ అందులోంచి 300 మైక్రోఆంపులు పోతూనే ఉంటాయి. మొత్తం పరికరం 7 తింటుంటే ఈ ఒక్క రెసిస్టర్ 300! దాని బదులు 1 మెగా ఓము పెడితే 3 మైక్రోఆంపులకు దిగుతుంది. లేదా చిప్పు లేచినప్పుడు మాత్రమే పుల్-అప్ వేసి, చూసి, తీసెయ్యవచ్చు.

ఎనిమిది బిట్లా, ముప్పై రెండు బిట్లా?

చిప్పు ఒక్క అంగలో ఎంత పెద్ద సంఖ్యను పట్టుకోగలదన్నదే ఈ బిట్ల లెక్క. ఏది మేలన్నది ఈ రంగంలో ఎడతెగని పంచాయితీ. ఏవీఆర్, పిక్ లాంటి 8 బిట్ల చిప్పుల పక్షం వాళ్లు చెప్పేది ఇది. లోపల నిర్మాణం సులువు, నేర్చుకోవడం తేలిక. చాలావాటికి 5 వోల్టులైనా 2 వోల్టులైనా ఫర్వాలేదు, నేరుగా సెల్లులకు తగిలించవచ్చు. పాత పద్ధతిలో పెద్ద ట్రాన్సిస్టర్లతో చేసినవి గనక కారడం తక్కువ.

32 బిట్ల వాళ్ల వాదన వేరు. రెండు పెద్ద సంఖ్యలను గుణించడానికి 8 బిట్ల చిప్పు ముక్కలు ముక్కలుగా బోలెడు అంగలు వేయాలి, మా చిప్పు కొద్ది అంగల్లో తేల్చేసి నిద్రపోతుందంటారు. పొదుపు కోసమే అంటూ ఆర్మ్ సంస్థ 2012లో కార్టెక్స్ ఎం0 ప్లస్ అనే కోర్‌ను ప్రకటించాక ఈ పక్షానికి బలం పెరిగింది. ఎస్టీఎం32ఎల్0 లాంటి చిప్పులు ఆ కోర్‌తోనే వచ్చాయి. పైగా కొత్త చిప్పుల్లో కోర్ పడుకుని ఉండగానే ఏడీసీ కొలిచి, విలువను మెమరీలో పెట్టేయగలదు. గీత దాటితేనే కోర్‌ను లేపుతుంది.

రెండూ నిజాలే. గంటకోసారి లేచి ఒక వాల్వు తిప్పే పరికరంలో లెక్కలే ఉండవు, అక్కడ 32 బిట్ల లాభం కనిపించదు. మోటారు కంపనాన్ని చదివి బేరింగు అరిగిందో లేదో తేల్చే పరికరంలో లెక్కలే లెక్కలు, అక్కడ 8 బిట్ల చిప్పు మేలుకొనే తెల్లారుతుంది. ఎంఎస్‌పీ430ది మధ్య దారి, 16 బిట్లు. దాని ఎఫ్ఆర్ రకాల్లో ఫ్లాష్ బదులు ఎఫ్‌ర్యామ్ ఉంటుంది. అందులో రాయడానికి ముందు చెరపక్కర్లేదు. తరచుగా రీడింగులు దాచుకునే మీటర్ లాంటి వాటికి అది పెద్ద వరం.

వైఫై చిప్పుల సంగతి వేరు. ఈఎస్‌పీ32 గాఢనిద్రలో చిప్పు వరకు తినేది 10 మైక్రోఆంపులే, తక్కువే. కానీ వైఫైలో పంపేటప్పుడు 240 మిల్లీఆంపుల దాకా వెళ్తుంది, రూటర్‌తో చేయి కలపడానికే సెకన్లు పడుతుంది. మన కడ్డీలో లోరా తీసి దీన్ని పెడితే? సగటున 100 మిల్లీఆంపులు, మూడు సెకన్లు అనుకుందాం. పావుగంటకు పంచితే 333 మైక్రోఆంపులు, నిద్ర కలిపితే 343. అవే సెల్లులు ఎనిమిది నెలలు వస్తాయి. గంటకోసారి పంపితే చాలనుకుంటే సుమారు రెండున్నరేళ్లు. ఇంట్లో వైఫై ఎలాగూ ఉంది, వేరే రేడియో పెట్టె కొనక్కర్లేదు అనుకునేవారికి ఈ బేరం గిట్టుబాటే.

మొదటి పేజీ అంకె, లోపలి పేజీ అంకె

డేటాషీట్ మొదటి పేజీ పెళ్లిచూపుల ఫొటో లాంటిది. అబద్ధం కాదు, మంచి వెలుతురులో తీసింది. ఏటీటైనీ85 నిద్రకు మొదటి పేజీలో 0.1 మైక్రోఆంపు అని ఉంటుంది, అది 1.8 వోల్టుల దగ్గర, మామూలుగా ఉండే విలువ. లోపలి పట్టికలో 3 వోల్టులకు గరిష్ఠం చూస్తే 2 మైక్రోఆంపులు. వాచ్‌డాగ్ టైమర్ (చిప్పును వేళకు తట్టిలేపగల లోపలి టైమర్) మేలుకొని ఉంటే గరిష్ఠం 10. కంపెనీ హామీ ఇచ్చేది ఈ లోపలి అంకెకే.

ఇంకో కొలమానం వేడి. మామూలు విలువలను ఎక్కువగా 25 డిగ్రీల దగ్గర ఇస్తారు. కారే కరెంటు ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుందన్నది ఇంజనీర్ల మోటు లెక్క. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండలో ఉన్న ప్లాస్టిక్ డబ్బా లోపల 55 డిగ్రీలు ఉంటే మూడు రెట్టింపులు, అంటే ఎనిమిదింతలు.

సెల్‌ను ఎండలో పెట్టడం, 99 శాతం గొడవ

చిన్నప్పుడు టార్చిలైటు సెల్లులు నీరసిస్తే అరుగు మీద ఎండలో పెట్టేవాళ్లం. కాసేపు మళ్లీ వెలిగేది. సెల్‌లో కరెంటు కొత్తగా పుట్టలేదు. వేడికి లోపలి రసాయన చర్య చురుకై, సెల్ లోపలి నిరోధం తగ్గింది, అంతే.

ఈ లోపలి నిరోధమే బటన్ సెల్‌తో ఆడుకునేవాళ్లకు టెన్షన్. సెల్ వాడకంతో ఈ నిరోధం పెరుగుతూ పోతుంది. 30 ఓములకు చేరిందనుకుంటే, రేడియో 40 మిల్లీఆంపులు లాగగానే సెల్ లోపలే 1.2 వోల్టులు పడిపోతాయి. 3 వోల్టులు 1.8 అయ్యేసరికి చిప్పు రీసెట్ అవుతుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ పంపబోతుంది, మళ్లీ పడుతుంది. అందులో ఎంఏహెచ్ ఇంకా మిగిలే ఉంటుంది, కానీ దక్కదు. సెల్ పక్కన కాస్త కరెంటు దాచిపెట్టుకునే పెద్ద కెపాసిటర్ పెడితే ఆ క్షణపు కుదుపును అది మోస్తుంది.

బ్యాటరీ ఎంత శాతం ఉందని చిప్పు చెప్పేది కూడా నేరుగా తెలిసి చెప్పడం కాదు. ఏడీసీతో వోల్టేజి చూసి, ఒక పట్టికలో వెతికి చెబుతుంది. 2024 అక్టోబరులో హర్యానా ఓట్ల లెక్కింపు నాడు కొన్ని ఈవీఎంలలో బ్యాటరీ 99 శాతం చూపించిందని కాంగ్రెస్ పార్టీ ఫిర్యాదు చేసింది. పోలింగ్ రోజంతా నడిచిన యంత్రంలో అంత ఎలా మిగిలిందన్నది వారి ప్రశ్న. ఎన్నికల సంఘం ఇచ్చిన వివరణ ఇది. అందులో ఉన్నవి ఆల్కలైన్ సెల్లులు, వోల్టేజి 7.4 కంటే పైన ఉన్నంతకాలం కంట్రోల్ యూనిట్ 99 శాతమనే చూపిస్తుంది, ఆ కిందికి దిగాకే అంకె తగ్గుతుంది. ఈ యంత్రాలను తయారు చేసే రెండు సంస్థల్లో ఒకటి మన హైదరాబాదులోని ఈసీఐఎల్. ఆ రాజకీయ వివాదంలో ఎవరిది ఒప్పన్నది ఈ వ్యాసానికి సంబంధం లేని విషయం. ఎలక్ట్రానిక్స్ వరకు చూస్తే, తక్కువ లాగే పరికరంలో పట్టిక అలా రాసుకుంటే అంకె ఒకేచోట ఉండిపోవడం వింత కాదు. పట్టిక పైమెట్టు ఎక్కడ పెట్టాలన్నది రాసేవారి నిర్ణయం.

ఈ పొదుపు అక్కర్లేని చోటు

బోరు మోటారు దగ్గరకు రండి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలుపెట్టాక, భూగర్భ జలం వృథా కాకుండా ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటారును వాటంతట అవే ఆన్ చేసేవి) తీసెయ్యమని ప్రభుత్వం రైతులను కోరింది. అంతకుముందు కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చేది. చీకట్లో పాములకు, షాకులకు భయపడి పొలానికి వెళ్లలేక రైతులు పెట్టుకున్నవి అవి. ఆటో స్టార్టర్లలో రిలేలతోనే పని కానిచ్చేవి ఉన్నాయి. సిమ్ కార్డు వేసి ఫోన్‌తో నడిపే స్టార్టర్లలో మైక్రోకంట్రోలర్ ఉంటుంది. అక్కడ చిప్పు 20 మిల్లీఆంపులు తిన్నా ఎవరికీ పట్టదు, పక్కనున్న కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిలే వాట్ల కొద్దీ లాగుతుంది. ఆ చిప్పుకు కావలసింది వేరు. లో వోల్టేజికి తికమకపడకపోవడం, మోటారు ఆగినప్పుడు వచ్చే కుదుపుకు కాలిపోకపోవడం. అక్కడ అల్ట్రా లో పవర్ చిప్పుకు ఎక్కువ డబ్బు పోయడం అనవసరం.

కొలవబోతే పరికరమే పడిపోతుంది

ఇన్ని లెక్కలు వేశాక నిజంగా ఎంత లాగుతోందో కొలవాలి కదా. ఇక్కడో చిక్కు. మామూలు మల్టీమీటర్‌ను మైక్రోఆంపుల రేంజిలో పెడితే అది దారిలో ఒక రెసిస్టర్ పెట్టినట్టే. నిద్రలో 2 మైక్రోఆంపులకు ఏమీ కాదు. చిప్పు లేచి ఒక్కసారిగా 5 మిల్లీఆంపులు లాగగానే ఆ రెసిస్టర్ మీదే వోల్టేజంతా పడిపోయి, చిప్పు రీసెట్ అవుతుంది. మిల్లీఆంపుల రేంజిలో పెడితే రీసెట్ కాదు, కానీ నిద్ర కరెంటు సున్నాగా కనిపిస్తుంది. అందుకే ఈ పని చేసేవాళ్లు రేంజిని మెరుపులా మార్చుకునే ప్రత్యేక మీటర్లు వాడతారు. ప్రోగ్రాం ఎక్కించే తీగను పీకకుండా కొలవడం ఇంకో పొరపాటు. ఆ తీగ చిప్పును నిద్రపోనివ్వకపోవచ్చు, దాని కాళ్లలోంచే కొంత కరెంటు అందించనూ వచ్చు.

రిమోట్ సోఫా సందులో ఇరుక్కుని, వాల్యూం బటన్ రాత్రంతా నొక్కుకుని ఉండిపోయిందనుకోండి. జాగ్రత్తగా రాసిన ప్రోగ్రామైతే కొన్ని సెకన్లు చూసి, ఇది మనిషి వేలు కాదని అనుమానించి, పంపడం ఆపేసి పడుకుంటుంది. అయినా ఆ బటన్ మూసుకునే ఉంది గనక, దాని పుల్-అప్ రెసిస్టర్‌లోంచి తెల్లవార్లూ కరెంటు కారుతూనే ఉంటుంది. మన ట్యాంకు ఫ్లోట్ స్విచ్‌లో కారినట్టే.